పోలాండ్ పల్లెటూరి అడ్రస్ చెక్ చేసుకోడానికి టెరిట్, జియోపోర్టల్ ఎలా ఉన్నాయి - మా నెట్ సెంటర్ నుంచి రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఇది ఏ కన్సల్టెన్సీ మీదా రివ్యూ కాదు. పోలాండ్ గవర్నమెంటు వాళ్ళు ఊరికే, అంటే ఫ్రీగా, అందరికీ తెరిచి పెట్టిన రెండు వెబ్‌సైట్ల గురించి రాస్తున్నా. ఒకటి టెరిట్, అక్కడి స్టాటిస్టిక్స్ ఆఫీసు నడిపే ఊళ్ళ రిజిస్టరు. రెండోది జియోపోర్టల్, సర్వే డిపార్ట్‌మెంటు వాళ్ళ మ్యాపు. రెండిట్లోనూ లాగిన్ అక్కర్లేదు, ఓటీపీ అక్కర్లేదు, డబ్బులు అసలే అక్కర్లేదు.

విశాఖ గోపాలపట్నంలో జిరాక్స్ సెంటర్ నడిపేవాడికి పోలాండ్ పల్లెటూళ్ళతో ఏం పని అనుకుంటారేమో. మా సెంటర్‌కి వచ్చే కాగితాలు చూస్తే తెలుస్తాది. మునుపు గల్ఫ్ కాంట్రాక్టులు ఎక్కువ వచ్చేవి, ఇప్పుడు పోలాండ్ గోడౌన్లు, ప్యాకింగ్ ఫ్యాక్టరీలు, కోళ్ళ ప్రాసెసింగ్ యూనిట్లు, ఇలాంటివాటి కాగితాలు పట్టుకుని పిల్లల తల్లిదండ్రులు వస్తారు, ప్రింటు తీయమంటారు, తీసేక అందులో ఏం రాసుందో చదివి చెప్పమంటారు, చదివితే ఉండే చోటు అని ఒక ఊరి పేరు, ఒక నెంబరు, అంతే. వీధి లేదు, లాండ్‌మార్క్ లేదు. "ఏటి బాబూ, ఇంటి నెంబరుంది గానీ వీధి పేరు లేదేటి, దొంగ కాగితమా ఏటి" అని మా వీధి చివర టిఫిన్ బండి బాబాయ్ నన్ను పట్టుకుని అడిగాడు. వాళ్ళబ్బాయిది కూడా ఇదే బాపతు. దొంగ కాగితం కాదు బాబాయ్, అక్కడ చాలా పల్లెటూళ్ళలో వీధులకి పేర్లే ఉండవు, ఊరి పేరు పక్కన ఇంటి నెంబరు, కింద పిన్ కోడు, పోస్టాఫీసు ఊరు, అంతటితో అడ్రస్ అయిపోతాది అని చెప్పాను.

కానీ ఆ కాగితంలో అసలు తిరకాసు వేరే ఉంది. ఊరి పేరు నోవా వియెష్. పిన్ కోడు లేదు. ఏజెంటేమో "పోజ్నాన్ సిటీయే అండీ, పెద్ద సిటీ" అన్నాడట. టెరిట్‌లో నోవా వియెష్ అని కొడితే లిస్టు కిందకి దిగుతానే ఉంది, ఎందుకంటే పోలాండ్‌లో ఆ పేరుతో వందకి పైనే ఊళ్ళున్నాయి. పోజ్నాన్ ఉండే వియెల్కోపోల్స్కా రాష్ట్రం ఒక్కటీ ఫిల్టర్ పెట్టినా ఇంకా బోలెడు మిగిలాయి. అప్పుడు బాబాయ్ చేత ఏజెంటుకి ఫోన్ చేయించి ఒకటే ప్రశ్న అడిగించాను: గ్మినా (అక్కడి మండలం లాంటిది) పేరేంటి? అవతల కాసేపు సౌండ్ లేదు. సాయంత్రానికి వాట్సాప్‌లో గ్మినా పేరు వచ్చీసింది, మళ్ళీ కొట్టి చూస్తే ఒకే ఒక్క ఊరు, పోజ్నాన్‌కి బాగా దూరంలో. అబ్బాయి వెళ్ళడం మానలేదు, కాకపోతే ఎక్కడికి వెళ్తున్నాడో తెలిసి వెళ్ళాడు, బస్సు ఖర్చు ఎవరు పెట్టుకోవాలో ముందే మాట్లాడుకున్నాడు.

అందుకే మా సెంటర్‌కి వచ్చిన అందరికీ ఇదే చెప్తాను, పోలాండ్‌లో పల్లెటూరి పేరు ఒక్కటే ఇస్తే అది అడ్రస్ కాదు, గ్మినా పేరు కూడా ఇస్తేనే అడ్రస్.

గ్మినా అంటే సుమారుగా మన మండలం అనుకోండి, కాకపోతే ఎమ్మార్వో కూర్చునే మండలం కాదు, దానికి సొంత కౌన్సిలు, సొంత బడ్జెట్టు, జనం నేరుగా ఓటేసి ఎన్నుకునే హెడ్డు ఉంటారు. పల్లెటూరి గ్మినా హెడ్డుని వుయ్త్ అంటారు, 2002 నుంచి నేరుగా ఎన్నుకుంటున్నారు, ఆఖరి ఎలక్షన్ 2024 ఏప్రిల్‌లో అయింది. దేశం మొత్తం మీద గ్మినాలు 2,470కి పైనే. వాటి పైన పొవియాత్‌లు, అంటే జిల్లాల్లాంటివి, 314, ఇవి కాకుండా తమకి తామే జిల్లా అయిన సిటీలు 66. వాటన్నిటి పైన 16 రాష్ట్రాలు. 1999 జనవరి 1కి ముందు ఈ రాష్ట్రాలే 49 ఉండేవి, మధ్యలో జిల్లాలు 1975లో ఎత్తేసి మళ్ళీ 1999లో తెచ్చారు. మనకేమీ కొత్త కాదు ఇది, 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి, 2022 ఏప్రిల్‌లో మన జిల్లా మూడు ముక్కలయింది, ఇప్పటికీ పాడేరు వాళ్ళు అప్లికేషన్లో విశాఖపట్నం జిల్లా అని రాసీసి నాలిక్కరుచుకుంటారు.

ఇదంతా ఎందుకు తెలియాలి అంటే, వెళ్ళినవాడు ఏ ఆఫీసుకి తిరగాలో దీన్నిబట్టే ఉంటాది. మనలాంటి బయటి దేశం వాళ్ళు ముప్పై రోజులు దాటి ఉండేటట్టయితే, వెళ్ళిన నాలుగో రోజు లోపు ఉంటున్న అడ్రస్ రిజిస్టర్ చేయించుకోవాలి, అది గ్మినా ఆఫీసులోనే, ఇంటి ఓనరు సంతకం కావాలి, ఫీజు లేదు, దాంతోపాటే పెసెల్ అని పదకొండు అంకెల నెంబరు ఇస్తారు, ఆ నెంబరు అక్కడ ఆధార్ లెక్కన ప్రతిచోటా అడుగుతారు. డ్రైవింగ్ లైసెన్సు పని జిల్లా ఆఫీసులో. రెసిడెన్స్ కార్డు రాష్ట్రం ఆఫీసులో. రూమ్ పక్క గ్మినా పల్లెటూళ్ళో పెట్టుకుని సిటీ ఆఫీసులో పొద్దుటి నుంచి క్యూలో నిలబడితే మధ్యాహ్నానికి "మీది మా గ్మినా కాదు" అని పంపించేస్తారు. పైగా ఇంకో మెలిక ఉంది, పోజ్నాన్ జిల్లా ఆఫీసు పోజ్నాన్ సిటీలోనే ఉంటాది గానీ పోజ్నాన్ సిటీ మాత్రం ఆ జిల్లాలో ఉండదు! వ్రొత్స్వాఫ్ అనే ఇంకో సిటీ కూడా అంతే. కొన్ని గ్మినాలయితే మధ్యలో టౌను వదిలీసి చుట్టూ గారెలాగ ఉంటాయి, ఆఫీసు మాత్రం మధ్యలో ఉన్న ఆ టౌన్లో.

ఇప్పుడు టెరిట్ సంగతికొస్తా. చూడ్డానికి అందంగా ఏం ఉండదు. బూడిద రంగు బాక్సులు, డ్రాప్‌డౌన్లు, కింద ఒక పొడుగు టేబులు. ఆ టేబుల్లో రాష్ట్రం, జిల్లా, గ్మినా, ఊరి పేరు, ఊరి రకం, ఊరికి ఏడంకెల నెంబరు. ఊరి రకం గడి జాగ్రత్తగా చూడాలి, అసలు ఊరా, దాని శివారా, కాలనీయా, అడవిలో ఒంటరి ఇల్లా అన్నది అందులోనే ఉంటాది. ఒకసారి ఒక కాగితంలో ఉన్న పేరు ఊరు కాదు, ఊళ్ళో ఒక ముక్క అని ఆ గడి చూశాకే తెలిసింది, అసలు ఊరి పేరు వేరు.

నాకు బాగా నచ్చింది గ్మినా కోడు. ఏడంకెలు. ముందు రెండు రాష్ట్రం, తర్వాత రెండు జిల్లా, తర్వాత రెండు గ్మినా, ఆఖరి ఒక్క అంకె గ్మినా రకం: 1 అయితే టౌను, 2 అయితే పల్లెటూరు, 3 అయితే టౌనూ పల్లెలూ కలిసినది. రాష్ట్రాల కోడ్లు అక్షరాల వరసలో అన్నీ సరి అంకెలు, 02, 04, 06 అలా 32 దాకా. వార్సా పక్కన లెష్నోవోలా గ్మినా కోడు 1418032. 14 అంటే వార్సా ఉండే మజోవియా రాష్ట్రం, 18 పియసెచ్నో జిల్లా, 03 లెష్నోవోలా, ఆఖర్న 2 కాబట్టి పల్లెటూరు. ఒక్కసారి అలవాటైతే కోడు చూసి చెప్పేయొచ్చు, పేరు చదవక్కర్లేదు. మన నాలికకి ఆ పేర్లు తిరగవు కాబట్టి ఇది పెద్ద రిలీఫ్ నిజానికి.

పేర్లతో మోసపోకుండా ఈ కోడు ఎలా కాపాడుతాదో చెప్తా. ఇళ్ళ గోడల నిండా పువ్వులు పెయింట్ చేసుకునే ఊరు జాలిపియె, ఫోటోలు మీరూ చూసే ఉంటారు. అది ఒలెస్నో గ్మినాలో ఉంది. ఒలెస్నో అని మ్యాప్‌లో కొడితే మీకు ముందు కనబడేది ఓపోలె రాష్ట్రంలో ఉన్న ఒలెస్నో టౌను, అదొక జిల్లా కేంద్రం, పెద్దది, జాలిపియెకి ఏ సంబంధమూ లేదు. జాలిపియె ఉన్న ఒలెస్నో క్రాకోవ్ ఉండే మావోపోల్స్కా రాష్ట్రంలో. ఒకదాని కోడు 16తో మొదలవుతాది, రెండోది 12తో. పేరు ఒకటే, కోడు చూస్తే గొడవే లేదు.

అన్నట్టు పల్లెటూరి గ్మినా అని ఉంటే భయపడిపోకండి. మా దగ్గరికొచ్చే అమ్మలు "రూరల్ అంట్రా, కరెంటు ఉంటాదా" అని అడుగుతారు. ఆఖరి అంకె 2 ఉన్నంత మాత్రాన ఎద్దుబండ్లు తిరుగుతాయని కాదు. అమెజాన్ వాళ్ళ పోజ్నాన్ గోడౌను అసలు ఉన్నది సాది అనే ఊళ్ళో, తార్నోవో పోద్‌గుర్నె గ్మినా, పల్లెటూరి గ్మినాయే. వ్రొత్స్వాఫ్ దగ్గర ఎల్‌జీ బ్యాటరీ ఫ్యాక్టరీ ఉన్న కొబియెజిత్సె గ్మినా కూడా అంతే. ఇందాక చెప్పిన లెష్నోవోలాలో వుల్కా కొసోవ్స్కా అనే ఊళ్ళో చైనా, వియత్నాం వాళ్ళ హోల్‌సేల్ మార్కెట్ 1990ల నుంచి నడుస్తోంది, షెడ్ల మీద షెడ్లు. బెవ్హాతూఫ్ బొగ్గు గని, పవర్ ప్లాంటు పన్నులతో క్లెష్చూఫ్ అనే పల్లెటూరి గ్మినా తలసరి ఆదాయంలో ఏళ్ళ తరబడి దేశంలోనే ఫస్టు. గ్మినాకి అక్కడ నివాసం ఉండేవాళ్ళ ఇన్‌కమ్ ట్యాక్సులో వాటా వస్తాది కాబట్టి సిటీ పక్క గ్మినాలు "మా దగ్గరే ట్యాక్స్ రిటర్న్ వేయండి బాబూ" అని జనాన్ని బతిమాలతాయి కూడా. ఫ్యాక్టరీలున్న మన పరవాడ పంచాయతీకి ఈ పద్ధతి ఉంటే ఎలా ఉండేదో అని నాకొక ఆలోచన వస్తా ఉంటాది, సరే వదిలేయండి.

టెరిట్‌లో నచ్చనివి కూడా చెప్పాలి కదా. ఒకటి, పిన్ కోడ్లు అందులో ఉండవు. అక్కడ పిన్ కోడు పోస్టాఫీసు లెక్కన, గ్మినా బోర్డరు లెక్కన కాదు, కాబట్టి పిన్ కోడు చూసి గ్మినా ఇదే అని తేల్చలేం, పోస్టాఫీసు వాళ్ళ సైటు వేరేగా చూసుకోవాలి. రెండు, భాష. బ్రౌజర్లో ట్రాన్స్‌లేట్ పెడితే హెడ్డింగులతో పాటు ఊరి పేర్లు కూడా ఇంగ్లీషు చేసి పారేస్తాది, నోవా వియెష్ కాస్తా న్యూ విలేజ్ అయి కూర్చుంటాది, అది కాపీ చేసి కొరియర్ ఫారంలో పెట్టారో అయిపోయారు. ట్రాన్స్‌లేట్ ఆపేసి పేరు కాపీ చేయండి. మూడు, ఇది ఉత్త రిజిస్టరు, అంటే ఊరు ఉందా లేదా, ఎవరి కింద ఉంది అంతవరకే చెప్తాది, ఊళ్ళో షాపుందా, బస్సుందా అని అడిగితే దానికేం తెలుసు.

ఇంకోటి, ఏ తేదీ నాటి లిస్టు చూస్తున్నారో గమనించండి. ప్రతి ఏడాది జనవరి 1న కొన్ని ఊళ్ళకి టౌను హోదా వస్తాది, అలా వచ్చినప్పుడు గ్మినా కోడులో ఆఖరి 2 కాస్తా 3 అవుతాది, వుయ్త్ గారు బుర్‌మిస్త్ష్ అయిపోతారు, అంటే మేయరు. డిసెంబర్లో తీసిన కాగితం, ఫిబ్రవరిలో చూసిన సైటు టాలీ కాకపోతే మోసం అని గోల చేయకుండా ముందు ఇది చూడండి.

జియోపోర్టల్ వేరే లెవెల్. ఊరు తేలిపోయాక ఇల్లు ఎక్కడుందో చూడ్డానికి ఇది. ఇంటి నెంబర్లు ఇచ్చేది గ్మినాలే, ఆ నెంబర్లన్నీ ఈ మ్యాపులో లేయర్‌గా ఉంటాయి, పైనుంచి తీసిన ఫోటో మీద ఇంటి కప్పు, దాని మీద నెంబరు. బాబాయ్‌కి వాళ్ళబ్బాయి ఉండబోయే ఇల్లు చూపించాను, ఎర్ర పెంకుల కప్పు, వెనకాల ఒక షెడ్డు, ముందు రోడ్డు, రోడ్డుకి అటుపక్క అంతా పొలం. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని "పక్కింటికి ఎంత దూరం ఉంటాదిరా" అని అడిగాడు, దూరం కొలిచే టూలుంది, కొలిచి చెప్పాను. అంతా చూసి "మన సింహాచలం కొండెనక ఊళ్ళాగే ఉంది" అని తేల్చీసాడు.

పొలాల సర్వే గీతలు కూడా వస్తాయి ఇందులో. మీకు టైముంటే సువోషోవా అని కొట్టి ఆ లేయరు ఆన్ చేయండి. క్రాకోవ్ జిల్లాలో ఊరు, వాట్సాప్‌లో తెగ తిరిగిన ఫోటో, ఒకే ఒక్క రోడ్డు మీద సుమారు తొమ్మిది కిలోమీటర్ల పొడుగున ఇళ్ళు, ఒక్కో ఇంటి వెనక సన్నగా పొడుగ్గా రిబ్బన్లు పరిచినట్టు పొలం ముక్కలు, అన్నదమ్ముల వాటాలు తెగీ తెగీ అలా అయ్యాయని చూడగానే మనకి అర్థమైపోతాది. ఆ గ్మినా మొత్తానికి ఉన్నవి మూడే ఊళ్ళు. కొన్ని గ్మినాల్లో ఎనభై ఊళ్ళు కూడా ఉంటాయి. దేశం మొత్తం పల్లెలు సుమారు 43 వేలు అంటారు, సుమారుగా ఊరికో పెద్దమనిషి ఉంటాడు, సొవ్తిస్ అంటారు, ఊరి మీటింగులోనే ఎన్నుకుంటారు, ఆయన ఇంటి గోడకి ఎర్ర బోర్డు మీద ఆ మాట రాసి ఉంటాది. ఊరికి కొత్తగా వెళ్ళిన మన పిల్లలు ఆ ఎర్ర బోర్డు ఇల్లు ఎక్కడో చూసి పెట్టుకుంటే మంచిదే.

జియోపోర్టల్ మైనస్ ఒకటే, బరువు. మా సెంటర్లో ఫైబర్ నెట్టు మీద కంప్యూటర్లో బాగా నడుస్తాది, అదే ఫోన్లో పెడితే లేయర్లు లోడయ్యేలోగా టీ తాగి రావచ్చు. ఫోన్లో చూసేవాళ్ళకి 5కి 2, కంప్యూటర్లో అయితే నాలుగున్నర ఇస్తా. టెరిట్‌కి 4, ఆ ట్రాన్స్‌లేట్ గొడవ లేకపోతే ఇంకా ఇచ్చేవాడిని.

ఇవన్నీ ఎవడు చూస్తాడు, గూగుల్ మ్యాప్స్ చాలదా అంటారా? ఇల్లు చూడ్డానికి, రోడ్డు చూడ్డానికి గూగులే హాయి, వీధి ఫోటోలు కూడా చాలా పల్లెలకి ఉన్నాయి. కానీ ఒకే పేరున్న ఊళ్ళు వంద ఉన్నప్పుడు గూగుల్ తనకి నచ్చిన ఒకటి చూపించి ఊరుకుంటాది, మిగతా తొంభై తొమ్మిది ఉన్నాయని చెప్పదు. ఇంగ్లీషు వికీపీడియా ఈ విషయంలో మేలు, పోలాండ్ పల్లెల్లో దాదాపు ప్రతిదానికీ ఒక చిన్న పేజీ ఉంది, మొదటి వాక్యంలోనే గ్మినా, జిల్లా, రాష్ట్రం వరసగా చెప్పేస్తాది, దగ్గర టౌను ఏ దిక్కున ఎన్ని కిలోమీటర్లో కూడా. చాలా పేజీలు ఆ రెండు మూడు లైన్లతోనే ఆగిపోతాయి, అయినా మనకి కావాల్సింది ఆ లైనే. నేనయితే ముందు వికీ చూసి, టెరిట్‌లో కన్ఫర్మ్ చేసుకుని, తర్వాత జియోపోర్టల్‌కి వెళ్తాను.

పార్సిళ్ళ వాళ్ళకి ఒక మాట. ఆవకాయ పంపేటప్పుడు కొరియర్ కౌంటర్లో అడ్రస్ మీరే చదివి టైపు చేయించండి. మా ఏరియాలో ఒక కౌంటరు వాళ్ళు ఊరి పేరు తీసేసి పోస్టాఫీసు టౌను పేరు, ఇంటి నెంబరు మాత్రం కొట్టారు, పార్సిలు ఆ టౌన్లో ఎవరి గుమ్మమో తొక్కి నెల తర్వాత వెనక్కొచ్చింది, జాడీ మూత ఊడి, లోపలున్న బట్టలన్నీ ఎర్రనూనె. ఊరి పేరు, ఇంటి నెంబరు ఒక లైను, పిన్ కోడు, పోస్టాఫీసు ఊరు రెండో లైను, ఫోన్ నెంబరు తప్పనిసరి. మాంసం, పాలతో చేసినవి బయటి దేశాల నుంచి యూరప్‌లోకి పార్సిల్లో రానివ్వరు, కాబట్టి నాటుకోడి పచ్చడి, నెయ్యి మానుకోండి. ఇంటి నుంచి ఇంటికి గిఫ్టుగా పంపితే 45 యూరోల విలువ దాకా కస్టమ్స్ డ్యూటీ పడదు, కాబట్టి బిల్లు మీద విలువ ఎంత రాస్తున్నారో చూసుకోండి.

ఒక బోనస్ ఉంది. ప్రతి గ్మినాకీ చట్టం ప్రకారం ఒక పబ్లిక్ ఇన్‌ఫర్మేషన్ సైటు ఉండి తీరాలి, బిప్ అంటారు, గ్మినా పేరు పక్కన ఆ మూడు అక్షరాలు కొడితే వచ్చేస్తాది. అందులో ఆఫీసు టైమింగ్సు, ఫోన్లు, మెయిల్, ఫారాలు అన్నీ ఉంటాయి, ఆఖరికి వుయ్త్ గారి ఆస్తుల డిక్లరేషన్ కూడా ఉంటాది, ఇల్లెంత, కారేంటి, అప్పెంత అని. బాబాయ్ అది చూసి పావుగంట కదల్లేదు, ఇంకో కస్టమర్ వెనక నిలబడి దగ్గుతున్నా. ఫోన్ చేయాలనుకుంటే ఎండాకాలం మన టైముకి మూడున్నర గంటలు, చలికాలం నాలుగున్నర గంటలు వెనక ఉంటారు వాళ్ళు, కాబట్టి మన లంచ్ టైము దాటాక చేయండి. వాళ్ళకి ఇంగ్లీషు రాకపోతే ఫోన్ పెట్టేస్తారు, అప్పుడు నాలుగు లైన్లు పోలిష్‌లోకి ట్రాన్స్‌లేట్ చేసి మెయిల్ పెట్టండి, ఊరి పేరు, ఇంటి నెంబరు మాత్రం టెరిట్‌లో ఉన్నది ఉన్నట్టు కాపీ కొట్టి.